మద్దెల ఓడే, నిరూపిస్తాను

ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ని తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం గానీ, ఆ మనిషి కనీసం ఒక మద్దెలనైనా పరీక్షించాడు కదా! శాంపిల్స్‌తో, అంటే రికార్డు చేసిన పాటల, చప్పుళ్ల ముక్కలతో, హిప్ హాప్ బీట్లు కట్టడానికి నేను ఇప్పటికి ఏడు సాఫ్ట్‌వేర్లు పరీక్షించాను. ఏడూ ఓడే. బీట్ ఒక్కటీ చేయలేదు, కానీ అది వేరే విషయం, దాన్ని ఇక్కడికి లాగొద్దు.

పాతకాలం వాళ్లను చూస్తే జాలేస్తుంది. 1987లో వచ్చిన ఎస్పీ 1200 అనే శాంప్లర్ యంత్రంలో మొత్తం శాంపిల్ మెమరీ 10 సెకన్లు. అది చాలక 33 స్పీడ్ రికార్డును 45లో వేగంగా తిప్పి తక్కువ సెకన్లలో లోపలికి ఎక్కించి, తర్వాత పిచ్ (శ్రుతి) దించుకునేవాళ్లు, దాంతో సౌండ్ గరుకుగా మారేది. ఆ గరుకుతనం కోసమే ఇవాళ మనం సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ప్లగిన్లు కొంటున్నాం. పాపం, ఎంచుకోవడానికి ఇన్ని లేకపోవడంతో వాళ్లు పాటలు చేసేశారు.

మాకు ఆ దుస్థితి లేదు. ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో ప్రాజెక్టు సేవ్ అవుతుంది, కానీ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. మాలాంటి పరిశోధకులకు ఇంతకన్నా వరం ఏముంది? "అద్భుతంగా చేశానండీ, ఓపెన్ అవట్లేదు" అని ఎవరికైనా ధైర్యంగా చెప్పొచ్చు. నైన్త్ వండర్ అనే హిప్ హాప్ నిర్మాత అప్పట్లో ఫ్రూటీ లూప్స్ అన్న పాత పేరుతో ఉన్న ఈ సాఫ్ట్‌వేర్‌తోనే పేరు తెచ్చుకున్నాడని కొందరు గుర్తుచేస్తుంటారు. ఇలాంటి ఉదాహరణలు చర్చను పాడుచేస్తాయి.

ఇక స్వింగ్, అంటే బీట్‌కి వచ్చే ఊపు. రోజర్ లిన్ డిజైన్ చేసిన ఎంపీసీ 60 అనే బీట్ యంత్రం (1988)లో పదహారో వంతు నోట్లలో ప్రతి రెండోదాన్నీ కాస్త ఆలస్యం చేసే సెట్టింగ్ ఉంటుంది. 50 అంటే నిటారుగా, సమాన దూరంలో; 66 అంటే ట్రిప్లెట్, మూడు సమభాగాల నడక. 54 మేలా, 58 మేలా అని నేను మూడు వారాలు చదివాను. వినలేదు, చదివాను.

ఒప్పుకోవాలి, ఒక్క రాత్రి మాత్రం కాలు జారాను. ఏబుల్టన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో పాత సోల్ రికార్డు ముక్క ఒకటి, రెండు బార్లది (రెండు ఆవర్తాలు), తడితే మోగే 16 ప్యాడ్ల మీదకి కోశాను. ఏడో ముక్క మొదట్లో టిక్కుమంటోంది. కోతను కాస్త వెనక్కి జరిపి చిన్న ఫేడ్ పెడితే టిక్కు పోయింది, దాని బదులు గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు స్నేర్ డ్రమ్ దెబ్బకి అతుక్కుని వచ్చింది. ఎంత బాగుందంటే, తల దానంతటదే ఊగడం మొదలెట్టింది. వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఇదే ముక్కను ఇంకో సాఫ్ట్‌వేర్ ఇంతకంటే శుభ్రంగా సాగదీస్తుందేమో? మూసేశాను. సేవ్ చేశానా లేదా అన్నది అప్రస్తుతం.

ఇప్పుడు రీపర్ అనే సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో ఉన్నాను, 60 రోజులు. కలర్ థీమ్ దాదాపు ఖరారైంది.

ఈలోగా మా తమ్ముడు ఫోన్‌లో కోవాలా శాంప్లర్ అనే యాప్ వేసుకుని, తలుపు చప్పుడు మైకులో పట్టి, దాన్నే స్నేర్ చేసి ఒక మధ్యాహ్నంలో బీట్ పంపాడు. విన్నాను. నాలుగుసార్లు. హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) కొంచెం ముందుకొచ్చిందని రాసి పంపాను.

"సరే అన్నయ్యా, నీదొకటి పంపు, విని నేర్చుకుంటా" అన్నాడు.

కొత్త వెర్షన్ రానీరా, అన్నాను.