ఎండుచేపలకు వేసవి సెలవులు

సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టడం మానెయ్యాలట. మానవలసింది జాలరులు. మానమంటున్నది సముద్రానికి 300 కిలోమీటర్ల పైచిలుకు దూరాన, హైదరాబాదులో కాపురముంటూ, బాపట్ల తీరంలోని ఒక పాలెంలో వేసవి ఇళ్ళు కట్టుకున్న మన నగర ప్రముఖులు. ఈ మేరకు వారు కలెక్టరు గారికి రాసిన వినతిపత్రం మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన, నీళ్ళ ట్యాంకరు బాకీల జాబితాకు కాస్త పైన, సంతకాల కోసం వేలాడుతోంది. "భరించరాని దుర్వాసన వల్ల పర్యాటకానికి, పిల్లల మానసిక వికాసానికి తీరని నష్టం" అని అందులో ఉంది. పిల్లల మానసిక వికాసానికి నెత్తళ్ళనే చిన్న చేపలు అడ్డం వస్తాయని ఇంతకాలం మనలో ఎవరికీ తోచకపోవడం విచారకరం.

ఆ పాలెం పేరు రాయను. రాస్తే గజం ధర మరో వెయ్యి పెరుగుతుంది. సూర్యలంకకు, ఓడరేవుకు, రామాపురానికి పట్టిన భాగ్యం చాలు. బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ ఆఖరు నుంచి అవి తెరిచే జూన్ రెండో వారం వరకు ఊరు కిటకిటలాడుతుంది. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి దారి పట్టిన కార్లన్నీ శుక్రవారం అర్ధరాత్రికి అక్కడ తేలతాయి. సెలవులు అయిపోగానే మేడలకు తాళాలు పడతాయి. మిగతా పది నెలలూ వాటిలో కాపురం చేసేవి బల్లులూ ఇన్వర్టరు బ్యాటరీలూ. అయినా మనవాళ్ళు 'మా ఊరు' అనే అంటారు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఆ అలల మీదే తండ్రినో అన్ననో పోగొట్టుకున్నవాళ్ళను మాత్రం 'లోకల్ వాళ్ళు' అంటారు.

నీటి ఒడ్డున ఇల్లు అనేది హైదరాబాదు వాసికి పుట్టుకతో వచ్చిన కోరిక. చెరువుల ఒడ్డున కట్టుకున్నాం. ఒడ్డు చాలక, చెరువు నిండితే నీళ్ళు పరుచుకునే శిఖం భూముల్లో కట్టుకున్నాం. అదీ చాలక చెరువులోనే కట్టుకున్నాం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి బుల్‌డోజర్లు తిప్పేసరికి ఈ అభిరుచి చల్లారుతుందని కొందరు అమాయకులు ఆశపడ్డారు. అభిరుచి చల్లారలేదు, చిరునామా మార్చుకుంది. హైడ్రా అధికారం ఔటర్ రింగు రోడ్డు దాకానే. బంగాళాఖాతం ఔటర్ రింగు రోడ్డుకు అవతల ఉంది. పైగా ఎంత మట్టి పోసినా పూడని చెరువు!

తీరానికీ చట్టం లేకపోలేదు. పోటు నీరు చేరే గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడదని పల్లె తీరాలకు 1991 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ కట్టడి పెట్టింది. జనసాంద్రత ఎక్కువగా ఉన్న పల్లెల్లో దాన్ని 50 మీటర్లకు కుదించవచ్చని 2019లో అన్నారు. మనవాళ్ళు ఆ అంకెలను ఎంతో శ్రద్ధగా చదివారు. కాకపోతే, సముద్రానికి అంతకన్నా దూరంగా కట్టకూడదని అర్థం చేసుకున్నారు.

ఇక వాసన సంగతి. హుస్సేన్ సాగర్ గట్టు మీద ముక్కు మూసుకోకుండా ఐస్‌క్రీం తినగలిగిన నగరం మనది. మూసీ వంతెన మీద బండ్లు ఆగిపోతే కారు అద్దం దించుకుని తీరిగ్గా ఫోను మాట్లాడగలం. ఇంతటి తపస్సు చేసిన ముక్కు నాలుగు సావిడాయి చేపలు ఎండుతుంటే తట్టుకోలేకపోయిందంటే, నేరం ముక్కుది కాదనే ఒప్పుకోవాలి.

వినతిపత్రం పుట్టిన సభ గురించి చెప్పుకోవాలి. పాలెం సమస్య కనుక సభ హైదరాబాదులో జరిగింది. అక్కడైతే ఉక్కపోత, పైగా అధ్యక్షుల వారికి ఆ గాలి పడదు. మియాపూర్ వైపు ఒక క్లబ్‌హౌస్, ఏసీ హాలు, ఆదివారం పదకొండు గంటలు, సమోసాలు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. అందులో సూర్యుడు, పడవ, పడవలో తలపాగా చుట్టుకున్న జాలరి. ఫ్లెక్సీలోని జాలరికి వాసన లేదు కనుక ఆయన మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

మొదట లేచినవారు రిటైర్డ్ ఇంజనీరు. సమస్యను శాస్త్రీయంగా చూడాలన్నారు. గాలి సముద్రం మీది నుంచి వస్తోంది, మధ్యలో చేపలున్నాయి, వెనక మన మేడలున్నాయి. గాలిని జరపలేం, మేడలను జరపం, కనుక చేపలే జరగాలి. చప్పట్లు. రెండోవారు కళాభిమాని. వలలు ఆరబెట్టుకోవచ్చు, ఫొటోలలో చక్కగా పడతాయి, చేపలే కూడదని సవరణ తెచ్చారు. సాయంత్రం పూట ఇద్దరు ముగ్గురు జాలరులు వల విసురుతూ కనిపిస్తే అతిథులకు బాగుంటుందని, అందులో ఏమీ పడకపోతే మరీ మంచిదని కూడా అన్నారు. మూడోవారు తన బాధ చెప్పుకున్నారు. ప్లాటు అమ్మినవాడు సముద్రంలో సూర్యాస్తమయం కనిపిస్తుందన్నాడట. సూర్యుడు మాత్రం రోజూ వెనకవైపు సరుగుడు తోపుల్లోకి దిగిపోతున్నాడు. "మనది తూర్పు తీరం కదండీ" అని ఎవరో గొణిగారు. విషయం ఉపసంఘానికి అప్పగించారు.

ఒక సాఫ్ట్‌వేర్ యువకుడు అసలైన పరిష్కారం చూపించాడు. చేపలను తెల్లవారుజామునే లారీలో హైదరాబాదుకు తెచ్చి మూసీ ఒడ్డున ఎండబెట్టాలి. అక్కడ కొత్త వాసన కలిసినట్టు ఎవరికీ తెలియదు. హాలు ఉప్పొంగిపోయింది. డీజిలు లెక్కలు కూడా మొదలయ్యాయి. ఇంతలో ఎవరో, "ఆ లారీ దారిలో మన కారు ముందు పోతుంటేనో?" అన్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

తర్వాత భద్రత. సముద్రానికి పోయే బాటకు గేటు పెట్టాలని, బయటివాళ్ళను ఆపాలని తీర్మానించారు. బయటివాళ్ళంటే ఎవరన్న చర్చ కాసేపు నడిచింది. చివరికి జాలరులని తేలింది. పడవ ఎక్కబోయేవాడు గేటు దగ్గర పుస్తకంలో పేరు, ఫోను నంబరు, ఎవరి ఇంటికి వచ్చాడు, వచ్చిన పని ఏమిటి అన్నీ రాయాలి. వచ్చిన పని: చేపల వేట. అది చూసి సెక్యూరిటీ మనిషి ఫోనులో యజమానికి కబురు పంపుతాడు. యజమాని కొండాపూర్‌లో నిద్ర లేచి 'అనుమతి' అన్న బొత్తాం నొక్కితే గేటు తెరుచుకుంటుంది. తెల్లవారుజాము మూడింటికి ఎవరు లేస్తారండీ అని ఒకావిడ అడిగారు. సముద్రాన్ని తొమ్మిదింటి తర్వాత వాడుకోమని వాళ్ళకు చెబుదామన్నారు అధ్యక్షులు.

ప్రజాస్వామ్యం కదా, పాలెం పెద్దను కూడా పిలిచారు. రాత్రి బస్సులో వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చివరి వరుసలో కూర్చున్నాడు. ఆయనకు రెండు నిమిషాలు ఇచ్చారు. "అయ్యా, మరి మమ్మల్ని ఎక్కడ ఎండబెట్టుకోమంటారు?" అని అడిగి ఊరుకున్నాడు. మిగిలిన సమయాన్ని అధ్యక్షుల వారు వృథా పోనివ్వకుండా, పాలెం సోదరులంటే తమకెంత గౌరవమో వివరించారు. ఆ పైన భోజనాలు. చేపల పులుసు వండించారు. మారు వడ్డించుకోనివారు లేరు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మరబోట్లూ ఇంజను పడవలూ ఒడ్డుకు చేరతాయి, ఇంజను లేని తెప్పలకు మాత్రమే మినహాయింపు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళు దిగి 'ఇప్పుడే పట్టిన సముద్రపు సరుకు' కావాలంటారు. రిసార్టువాడు చెరువులో పెంచిన వెనామీ రొయ్యను వేయించి పెడితే, సముద్రం రుచే వేరని లొట్టలేస్తారు. హైదరాబాదులో మీ వీధి చివర దొరికే రొయ్యే అది, మహానుభావులారా! పాలెంలో ఆ రెండు నెలలూ పొయ్యి మీదికి ఎసరు ఎక్కించేది వేట సాగిన రోజుల్లో ఎండబెట్టి దాచుకున్న ఆ చేపలే. మీరు దుర్వాసన అంటున్నది వాళ్ళ రెండు నెలల బియ్యం.

ఇసుక మీద పాత వల పరిచి, దాని మీద చేపలు పరిచి, తిరగేస్తూ, కాకినీ కుక్కనీ తోలుతూ ఎండలో కూర్చునే ఆడవాళ్ళ అరికాళ్ళు ఎప్పుడైనా చూశారా? బొబ్బలు ఇసుక వేడికి లేచినవి. కోతలు మీ వాళ్ళ పుణ్యం, రాత్రి తాగి పగలగొట్టిపోయిన బీరు సీసాలవి. అలివి వలను ఒడ్డున నిలబడి చెప్పుల్లేకుండా లాగుతారు. మడమ ఇసుకలో గట్టిగా తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, అడుగడుగూ వెనక్కి వేస్తూ లాగాలి. ఆ మడమ కింద గాజు పెంకు. దాని మీద వినతిపత్రం ఎవరు రాశారు? ఏ కలెక్టరుకు పంపారు?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 1977 నవంబరు ఉప్పెనను కళ్ళారా చూసిన ముసలివాళ్ళున్న తీరం అది. మూట నెత్తిన పెట్టుకుని, పిల్లను చంకనేసుకుని తుఫాను షెల్టరుకు పోతున్న కాపలా మనిషికి 'మా ఊరు' వాళ్ళ దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఎలా ఉన్నావని అడగడానికి కాదు. ప్రహరీగోడ వీడియో తీసి పంపమని. ఇంకొకాయన ఇన్వర్టరు ఎత్తి అటక మీద పెట్టి పొమ్మన్నాడు. సిగ్గుండాలి.

సరే, సభా మర్యాద పాటిస్తాను. నాదీ ఒక సవరణ. చేపలు ఎండడానికి కావలసింది ఎండ, గాలి, ఇసుక అంటని గచ్చు, కుక్క ఎక్కలేని ఎత్తు. ఈ నాలుగూ అమరిన చోటు పాలెంలో ఒక్కటే, మీ మేడల డాబాలు. కాలం కూడా కలిసివస్తుంది. బోట్లు ఆగిన రోజుల్లో మీరుంటారు. జూన్ 15న బోట్లు కదిలే వేళకు బడులు తెరిచి ఉంటారు, మీరు నార్కట్‌పల్లి దాటి ఉంటారు. ఇంత కుదిరిన ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. పది నెలలు డాబా వాళ్ళది, రెండు నెలలు మీది. అద్దె అడగకండి, పగలంతా పైన మనుషులుంటే దొంగల భయం ఉండదు, కాపలా ఖర్చు కలిసివస్తుంది. వచ్చే ఏప్రిల్‌లో తలుపు తీసేసరికి కాస్త వాసన మిగిలి ఉంటే అగరబత్తీలు సంఘం నిధుల నుంచి కొనుక్కోండి. దీనికోసం మళ్ళీ సభ పెట్టి సమోసాలు తినే శ్రమ కూడా అక్కరలేదు. తాళం చెవులు ఎలాగూ పాలెం ఆడవాళ్ళ దగ్గరే ఉన్నాయి.