పద్మిని, పంటు, గుప్పెడు రొయ్యలు

మొదటిసారి పాతకారు కొనబోయే వారికి చెప్పదగిన మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. మొన్న శనివారం ఉదయం పదకొండు గంటల దాకా ఇంకా ఎక్కువే ఉండేవి కాని, నరసాపురం రేవులో జరిగిన దానితో వాటిలో సగం గోదావరిలో కలిసిపోయాయి. మిగిలిన సగాన్ని కోపం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

కారు ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లా కర్మాగారంలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, తరువాతి దశాబ్దంలో చిత్తోడ్ రాణి పేరు పెట్టుకున్న బండి ఇది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు మెడకే తగిలించిన గేరు కర్ర, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, పులిసిన మజ్జిగ రంగు. నాది 1975లో మొదట రిజిస్టరైనది. కొన్న కథ పెద్దగా లేదు. మధ్యవర్తి "ఇంజను సీలు విప్పని బండండి" అన్నాడు, నేను నమ్మాను, మా ఆవిడ నమ్మలేదు. యాభై ఏళ్ళుగా సీలు విప్పకపోవడం గొప్పా, నిర్లక్ష్యమా అన్న ప్రశ్న నాకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన తరువాత తట్టింది.

కనుక మొదటి మాట ఏమిటంటే, కొనేముందు జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్ళండి. మన డెల్టాలో వరిచేల తేమ ఒక పక్క, ఉప్పుగాలి ఒక పక్క ఇనుమును తింటూనే ఉంటాయి. తిన్నచోట లప్పం పూసి, పైన రంగు కొట్టి అమ్ముతారు. ఇనుము ఉన్నచోట అయస్కాంతం అంటుకుంటుంది, లప్పం ఉన్నచోట జారి కిందపడుతుంది. నేను ఈ పరీక్ష కొన్న మరునాడు చేశాను. ఎడమ వెనుక తలుపు కింద అయస్కాంతం ఎంత వేగంగా జారిందంటే, వెతికి తీయడానికి మంచంకోడు పెట్టి పొడవవలసి వచ్చింది. అలాగే కాళ్ళ కింది పట్టాలు ఎత్తి చూడండి. నేను ఎత్తి చూస్తే రోడ్డు కనబడింది.

రెండో మాట రబ్బరు గొట్టాల గురించి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ రోజుల్లో చేసిన రబ్బరుకు ఈ సారా పడదు. గొట్టాలు మెత్తబడి, ఉబ్బి, చివరికి చిట్లుతాయి. పంపులోని పొరకూ అదే గతి. ఇవి కొన్న వారంలోనే మార్పించండి. ఇది నేను నిజంగానే చేశాను, అందుకు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు.

ఇక మూడో మాట చెప్పాలంటే రేవు దగ్గరకు రావాలి.

కొత్తగా కొన్న వాహనానికి అంతర్వేది నరసింహస్వామి సన్నిధిలో పూజ చేయించాలని మా ఇంట్లో మొక్కు. భీమవరం నుంచి చించినాడ వంతెన మీదుగా హాయిగా వెళ్ళిపోవచ్చునని మా బావగారు ముందే చెప్పారు. అయితే పాతకారును పంటు మీద, అంటే బళ్ళను మోసే రేవు పడవ మీద, గోదావరి దాటిస్తూ ఫొటో తీయించుకోకపోతే ఇక పాతకారు ఎందుకని నేను వాదించి గెలిచాను. ఎండాకాలం, రేవు దగ్గర బళ్ళ వరుస, ముందు ఇటుకల ట్రాక్టరు. ఇంజను ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదోనన్న భయంతో దాదాపు ముప్పావుగంట సేపు దాన్ని ఆపకుండా ఉంచాను. అదే తప్పని ఇప్పుడు తెలుసు.

ఈ బళ్ళలో పెట్రోలును ట్యాంకు నుంచి లాగే పంపు ఇంజను ఒంటికే బిగించి ఉంటుంది. మేస్త్రీలు దాన్ని ఏసీ పంపు అంటారు. ఇంజను కాగితే పంపు కాగుతుంది, పంపు కాగితే అందులోని పెట్రోలు ఆవిరవుతుంది. ద్రవాన్ని లాగవలసిన పంపు ఆవిరిని నములుతూ కూర్చుంటుంది, కార్బురేటరుకు చుక్క అందదు. ఈ కాలపు కార్లకు ఈ బాధ లేదు, ఎందుకంటే వాటి పంపు ట్యాంకులోనే మునిగి ఉండి పెట్రోలును వెనుక నుంచి ఒత్తిడితో నెడుతుంది. మనది ముందు నుంచి పీల్చే బండి, చివరికంటా తాగేసిన కొబ్బరిబొండాన్ని స్ట్రాతో పీల్చినట్టు.

మా వంతు వచ్చింది. సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడ గోదావరికి కూడా పోటూ పాటూ ఉంటాయి. ఆ సమయానికి పాటు మీద ఉండి పంటు కిందికి దిగింది, బల్లలు బాగా వాలుగా ఉన్నాయి. నేను ఊపిరి బిగబట్టి దింపాను. ముందు చక్రాలు పంటు ఎక్కాయి. వెనుక చక్రాలు ఇంకా బల్లల మీదే ఉండగా పద్మిని రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

ఆ స్థితిలో మేము ఎంతసేపు ఉన్నామని అడిగితే మా ఆవిడ గంట అంటుంది, పంటు నడిపే సరంగు పది నిమిషాలు అంటాడు. నాకు మాత్రం ఒక మనిషి పుట్టి, పెరిగి, పెన్షను తీసుకునేంత కాలంగా తోచింది. పెన్షను మాట ఊరికే అనలేదు. అక్కడ నిజంగానే ఒక విశ్రాంత ఉద్యోగి ఉన్నారు. తెల్లని పంచె, మడత నలగని కండువా, చేతిలో గొడుగు. కళాసీ పరుగున వచ్చి వెనుక చక్రాల కింద రాళ్ళు పెడుతుంటే, ఆయన కిటికీలోకి వంగి, ఆస్పత్రిలో రోగిని పలకరించినంత మెల్లగా, "వింటేజి నంబరు తీసుకున్నారాండీ?" అని అడిగారు.

లేదన్నాను, మామూలు రిజిస్ట్రేషనునే అయిదేళ్ళకు పొడిగించారని చెప్పాను. సంభాషణ అక్కడితో ముగుస్తుందనుకున్నాను. ఆయన నిటారుగా నిలబడి, పంటు మీది మోటారు సైకిళ్ళ వారికీ, ఒడ్డున ఉన్న ట్రాక్టరు వారికీ వినబడేలా 2021 నాటి నిబంధనలను మొదటి నుంచి వివరించసాగారు. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటిన బండి వింటేజి అవుతుందట. ఇరవై వేలు కడితే నంబరు మధ్యలో వీ, ఏ అనే అక్షరాలు ఇస్తారట, అది పదేళ్ళు చెల్లుతుందట, తిరిగి పొడిగించడానికి అయిదు వేలట. అయితే అలాంటి బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలు కొట్టించుకోవడానికో, మరమ్మతుకో తప్ప రోడ్డు మీదికి తీయరాదట. "దైవదర్శనం ఆ జాబితాలో లేదండి" అన్నారు, స్వామివారి తరఫున తాము విచారిస్తున్నట్టుగా. నాకు ఆ నంబరే లేదు మహాప్రభో అని రెండుసార్లు మొరపెట్టుకున్నాను. "తీసుకుంటే సంగతి చెబుతున్నానండి" అన్నారు.

తరువాత ఆయన దృష్టి నా చక్రాల మీద పడింది. రేవు పశ్చిమ గోదావరి జిల్లా, అవతలి ఒడ్డు కోనసీమ జిల్లా. పంటు దేని కిందికి వస్తుంది? ఇప్పుడు ఈ కారుకు ఏదైనా జరిగితే ఏ ఠాణాలో రాసుకోవాలి? ఈ ధర్మసందేహం రేవంతా పాకింది. పంటు కదిలినంతసేపే కోనసీమ, కట్టేసి ఉన్నంతసేపు పశ్చిమమే అని సరంగు తీర్పు చెప్పాడు. ఎవరో కుర్రవాడు ఫొటో తీశాడు. ఏ ఫొటో కోసం నేను మా బావగారితో వాదించానో ఆ ఫొటో అది. అందులో నేను సగం తలుపులో ఇరుక్కుని, రెండు చేతులూ జోడించి ఉన్నాను.

ఈలోగా బానెట్ ఎత్తాను. "ఏసీ పంపు కాగిపోయిందండి" అని చెప్పగానే, ట్రాక్టరు మీద ఉన్నతను, "ఏసీ లేని బండికి ఏసీ పంపేటండి బాబూ" అన్నాడు. నవ్వని వాడు లేడు. ఒకరు చోకు లాగమన్నారు, ఒకరు నెట్టమన్నారు, ఒకరు అమ్మేయమన్నారు. తడిగుడ్డ చుట్టాలని నాకు తెలుసు కాని, కారులో ఉన్న ఒకే ఒక్క గుడ్డ స్వామివారికి సమర్పించడానికి తెచ్చిన పట్టు కండువా. నేను దాని వైపు చూశానని మా ఆవిడ ఈ రోజుకీ అంటోంది. నేను చూడలేదు. చూసినా ఒక్క క్షణమే.

అప్పుడు థర్మాకోలు పెట్టె నెత్తిన పెట్టుకున్న ఒక రొయ్యలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "తప్పుకోండి బాబూ, మా ఆయన ముప్పయ్యేళ్ళు జీపు తోలాడండి" అంటూ పెట్టె దింపి, మూత తీసి, గోనెముక్కలో రెండు దోసిళ్ళ ఐసు మూటగట్టి, ఏ మేస్త్రీనీ అడగకుండా నేరుగా ఆ పంపు మీదే పెట్టింది. ఆ జనంలో పని తెలిసినది ఆమెకు ఒక్కదానికే. పంపు సుయ్యిమంది. అయిదు నిమిషాల తరువాత సెల్ఫు కొడితే బండి అందుకుంది. డబ్బులు ఇవ్వబోతే, "ఐసుకి డబ్బులేటండి, ఆయ్" అని పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ ఐసులో గుప్పెడు రొయ్యలు కూడా ఉన్నాయని అప్పుడు ఎవరూ గమనించలేదు.

గోదావరి దాటాము, సఖినేటిపల్లి దాటాము. ఐసు కరిగింది, గోనెముక్క ఎక్కడో జారిపోయింది, రొయ్యలు మాత్రం ఇంజను మీది వేడి గొట్టాల సందున స్థిరపడి, మెల్లగా, ఓపికగా వేగడం మొదలుపెట్టాయి. శనివారం, ఒంటిపూట, తలంటుకుని బయలుదేరిన నలుగురం ఆ కమ్మని వాసనలో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ప్రయాణం చేశాము. పద్మినీ జాతి స్త్రీ శరీరం తామరపువ్వు వాసన వేస్తుందని మన పెద్దలు రాశారు. పడవ మీద పరాశరుణ్ణి దాటించిన మత్స్యగంధి, ఆ రేవు దాటేసరికి యోజనగంధి అయింది. మా పద్మిని అదే పని వెనుక నుంచి ముందుకు చేసింది.

గుడి బయట పూజ చేసిన పంతులుగారు మంచివారు. పసుపు కుంకుమలు పెట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. కొబ్బరికాయ కొట్టడానికి బానెట్ దగ్గరకు వచ్చి, ఆగి, ఒకసారి గాలి పీల్చి, నా ముఖం చూసి, రెండడుగులు వెనక్కు వేసి అక్కడి నుంచే అక్షతలు చల్లారు. దక్షిణ కాస్త ఎక్కువే ఇచ్చాను. తిరుగు ప్రయాణం చించినాడ వంతెన మీదుగానే జరిగింది. మా బావగారు దారి పొడవునా ఒక్క మాట కూడా అనలేదు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

కనుక మూడో మాట ఇది. బండిలో ఒక పాత తువ్వాలు, రెండు లీటర్ల నీళ్ళు ఎప్పుడూ ఉంచుకోండి. వరుసలో నిలబడితే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి గాలి తగలనివ్వండి. నాలుగో మాట వింటేజి నంబరు గురించి రాయాలనుకున్నాను. ఆ విశ్రాంత ఉద్యోగి నా ఫోను నంబరు ఎవరి దగ్గర తీసుకున్నారో కాని, నిబంధనల ప్రతిని పదహారు ఫొటోలుగా వాట్సాప్‌లో పంపారు, ఇంకా తెరవలేదు. ఇది రాస్తుండగానే మా ఆవిడ వాకిట్లోంచి పిలుస్తోంది, బానెట్ మీద మూడో పిల్లి కూడా చేరిందట, నాలుగోది ఎక్కడి నుంచి దూరిందో కాని లోపలి నుంచి అరుస్తోందట.