కొత్త పరిశోధనకు మనం తలుపు వేస్తే నష్టపోయేది రోగే

కొన్నేళ్ల కిందట కొబ్బరి నూనె, నెయ్యి బాగా తీసుకుని అన్నం పూర్తిగా మానేస్తే షుగర్ పోతుందని చెప్పే సభలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం బారులు తీరారు. డైటీషియన్లం కలిసిన చోటల్లా అప్పుడు ఒకటే మాట: ఇది అశాస్త్రీయం, ప్రమాదం, జనానికి బుద్ధి లేదు. ప్రమాదమన్నది నిజమే. డాక్టరును అడగకుండా ఇన్సులిన్ మానేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. కానీ జనానికి బుద్ధి లేదన్న మాటను నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. వాళ్లు ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లారు. "మేడమ్, ఈ జబ్బు వెనక్కి తగ్గుతుందా?" అదే ప్రశ్న మన గదుల్లోనూ అడిగారు. మనమిచ్చిన జవాబు: "జీవితాంతం ఉంటుందమ్మా, అన్నం తగ్గించి రాత్రికి రెండు చపాతీలు తినండి."

సరిగ్గా ఆ కాలంలోనే, 2017 డిసెంబరులో, బ్రిటన్ నుంచి డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. టైప్ 2 డయాబెటిస్ బయటపడి ఆరేళ్లు దాటని, అధిక బరువున్న వాళ్లను తీసుకున్నారు. మూడు నుంచి ఐదు నెలల పాటు పొడులు కలిపి చేసిన, రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత మామూలు తిండిని మెల్లగా మళ్లీ అలవాటు చేశారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర డయాబెటిస్ స్థాయి కంటే కిందికి వచ్చింది. మామూలు చికిత్స పొందిన వాళ్లలో అది 4 శాతమే. 15 కిలోలు, అంతకు మించి తగ్గిన వాళ్లలో అయితే 86 శాతం. రెండేళ్లకు 46 కాస్తా 36కు దిగింది. బరువు తిరిగి పెరిగితే జబ్బూ తిరిగొస్తుందని తేలింది. అయినా "తగ్గుతుందా?" అన్న ప్రశ్నకు "కొందరికి, ఈ పద్ధతిలో, డాక్టరు కనుసన్నల్లో తగ్గుతుంది" అనే నిజాయితీ గల జవాబు దొరికింది. పైగా ఆ కార్యక్రమాన్ని రోగుల పక్కన ఉండి నడిపించింది ఎవరనుకున్నారు? డైటీషియన్లు, నర్సులు. మన వృత్తికి ఇంతటి గౌరవం తెచ్చిన పరిశోధన మన దగ్గర ఎన్ని ఓపీల్లో చర్చకు వచ్చింది? మనం మౌనంగా ఉన్నాం కాబట్టే, ఏ పరీక్షకూ నిలబడని మాటలు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా డయాబెటిస్ ఉంది. ఇంతమంది అడిగే ప్రశ్నకు మనం పాత జవాబే వల్లిస్తూ కూర్చోలేం.

ఇక మనం చేతికిచ్చే డైట్ చార్టు సంగతి. జిరాక్సుకు జిరాక్సు తీసి, అక్షరాలు అరిగిపోయిన కాగితం. దాని వెనకున్న లెక్కలు కూడా అంతే పాతవి. రాగుల్లో పీచు 100 గ్రాములకు 3.6 గ్రాములని పాత పట్టికల్లో ఉండేది. అది పాత పద్ధతిలో కొలిచిన ముడి పీచు, అంటే మొత్తం పీచులో కొంత భాగమే. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలను కొత్తగా విశ్లేషించి పట్టికలు ప్రచురించింది. అందులో రాగుల మొత్తం పీచు 11 గ్రాములకు పైనే. తార్నాకలో తయారైన పుస్తకం తార్నాకకు కూతవేటు దూరంలోని ఆసుపత్రుల చార్టుల్లోకి కూడా ఇంకా పూర్తిగా రాలేదంటే నాకు కోపం రాక ఏం చేస్తుంది?

అలాగని రాగులంటే చాలు అమృతమన్నట్టు చెప్పడమూ తప్పే. ఇక్కడే కొత్త పరికరం మేలు చేస్తుంది. చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సరు రెండు వారాల పాటు, భోజనానికి ముందూ వెనకా చక్కెర ఎలా కదిలిందో గీత గీసి చూపిస్తుంది. మెత్తటి పిండితో పల్చగా కాచిన రాగి జావ తాగాక గీత జర్రున పైకి లేచింది చూసి తెల్లబోయిన వాళ్లు నాకు తెలుసు. పిండి ఎంత మెత్తనైతే, ఎంత ఉడికితే అంత త్వరగా అరుగుతుంది. జావ మానమని ఎవరూ ఆజ్ఞాపించనక్కర్లేదు, ఆ గీతే చెబుతుంది. అయితే సెన్సరు ఖరీదు చాలా ఇళ్లకు భారం. అందుకే అందరికీ రాయకూడదు. ఎవరికి నిజంగా ఉపయోగమో తేల్చగలిగేది మనమే.

ఖర్చే లేని కొత్త విషయమూ ఒకటుంది. 2015లో న్యూయార్క్‌లో 11 మందితో చేసిన చిన్న పరిశోధనలో, అదే భోజనంలో కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండి పదార్థాలు చివర తింటే, గంట తర్వాత చక్కెర 37 శాతం వరకు తక్కువగా కనిపించింది. 11 మంది అంటే చాలా తక్కువ, నిజమే. కానీ గిన్నెడు బీరకాయ కూర, ఉడికించిన గుడ్డో కాస్త ముద్దపప్పో ముందు తిని, తర్వాత అన్నం పెట్టుకోమనడంలో పోయేదేముంది? అన్నం తినకూడదని ఏడ్చే పెద్దావిడకు ఇది ఎంత ఊరటో ఒకసారి చెప్పి చూడండి.

"నిన్న ఒకటన్నారు, ఇవాళ ఇంకొకటంటున్నారు, మమ్మల్ని ఎవరు నమ్ముతారు?" అని సహోద్యోగులు అడుగుతారు. వేరుశెనగ అలర్జీ సంగతే చూడండి. ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశెనగ పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యులు సలహా ఇచ్చారు. 2015లో లండన్‌లో 640 మంది పసివాళ్లతో చేసిన పరిశోధన అది తలకిందులని తేల్చింది. చిన్నప్పుడే తినిపించిన వాళ్లలో ఆ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువ. సలహా మార్చారు, పిల్లలు బాగుపడ్డారు. మార్చుకున్నందుకు ఏ తల్లీ వైద్యాన్ని వదిలేయలేదు.

కొత్తదంటే కంపెనీ ప్రతినిధి బల్ల మీద పెట్టి వెళ్లే ప్రొటీన్ పొడి డబ్బా కాదని కూడా గట్టిగా చెప్పాలి. ఎవరి మీద పరీక్షించారు, దేనితో పోల్చారు, ఖర్చు ఎవరు పెట్టారు అని అడిగి, జవాబు దొరికాకే నోరు విప్పాలి. అలా అడిగే ఓపిక, చదివే సమయం డైటీషియన్‌కు ఉండాలంటే ఆసుపత్రి యాజమాన్యాలు మారాలి. వార్డుల భోజనం ట్రేలు చూడటం, క్యాంటీన్ లెక్కలు రాయడం, మధ్యలో రోగికి ఐదు నిమిషాలు. ఈ పద్ధతిలో ఏ మంచి ఆలోచనా బతకదు.

నేను అడుగుతున్నది మూడే. చార్టు మీద దాన్ని ఎప్పుడు సవరించారో తేదీ వేయండి. ఏ కొత్త పద్ధతి మొదలుపెట్టినా రోగి బరువు, మూడు నెలల సగటు షుగర్ ముందూ తర్వాతా రాసి దాచండి. పనిచేయకపోతే ఆ మాటా బయటపెట్టండి. మూడోది పోషకాహార కళాశాలలకు: డైరెక్ట్‌లో వాడిన పొడుల బదులు పప్పు కట్టు, మజ్జిగ, ఆకుకూరలు, గుడ్డుతో అదే 850 కేలరీల ఆహారం తయారుచేసి, డాక్టర్ల పర్యవేక్షణలో మన రోగుల మీద సక్రమంగా పరీక్షించండి. ఎవరైనా మొదలుపెడితే నా సెలవు రోజులన్నీ ఆ పనికే ఇస్తాను.