సవరణ: మిన్నెసోటా వైద్య రికార్డుల చట్టం ఖర్చు గురించి

అమెరికాలో రోగుల వైద్య సమాచారాన్ని గోప్యంగా ఉంచే కేంద్ర చట్టం హిపా అన్ని రాష్ట్రాలకూ ఒకటే కాబట్టి, మిన్నెసోటా సొంత చట్టం వల్ల ప్రజల మీద అదనపు భారం ఏమీ పడదని ముందు పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని తొలగించాను.

1996 నాటి హిపా కనీస రక్షణ మాత్రమే. అంతకంటే కఠినమైన రాష్ట్ర చట్టం ఉంటే అదే చెల్లుతుంది. చికిత్స కోసం ఒక డాక్టర్ మరో డాక్టర్‌కు రికార్డు పంపడానికి హిపా ప్రకారం రోగి సంతకం అక్కర్లేదు. మిన్నెసోటాలో మామూలుగా కావాలి. ఎమర్జెన్సీకి, ఒకే సంస్థకు చెందిన ఆసుపత్రుల మధ్య మాత్రం మినహాయింపు ఉంది. రోగి సంతకం చేసి ఇచ్చిన అనుమతి కూడా సాధారణంగా ఏడాదే చెల్లుతుంది.

అసలు ఖర్చు ఇక్కడే ఉంది. ఆసుపత్రులు అనుమతి ఫారాలు తీసుకోవాలి, గడువులు చూసుకోవాలి, సాఫ్ట్‌వేర్‌ను ఈ ఒక్క రాష్ట్రం కోసం మార్చుకోవాలి. పాత రిపోర్టు సమయానికి అందకపోతే అదే స్కాన్ మళ్లీ తీయించాల్సి రావచ్చు. రోగి మెడికెయిడ్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంటే ఆ బిల్లు పన్నుల సొమ్ములోంచే పోతుంది.

అయినా చట్టాన్ని ఎత్తేయాలని నేను అనను. రికార్డు అక్రమంగా బయటపెడితే రోగి నేరుగా కోర్టుకెళ్లి నష్టపరిహారం అడిగే హక్కు ఈ చట్టంలో ఉంది, హిపాలో లేదు. మానసిక వైద్యం తీసుకుంటున్నవారికి అది చాలా పెద్ద అండ. చికిత్సకు కావలసిన సమాచారం వరకు ఆ ఏడాది గడువును సడలిస్తే చాలు.