గడపమ్మకు, చెప్పుల స్టాండు పక్క నుంచి

లక్ష్మీసమానురాలైన గడపమ్మ గారి పాదపద్మాలకు నమస్కరించి రాయునదేమనగా.

మీకు పాదాలు లేవని తెలుసు. నాకున్నవి పనిచేయవు. ఆ లెక్కన మనిద్దరం ఒకటే. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమేనని నిన్న పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఎదురుగా కూర్చుని చూసుకున్నాను. పసుపు చెదరలేదు, బొట్లు చెరగలేదు, మూలనున్న మందారం పువ్వు మాత్రం కొంచెం వాడింది.

ముందే చెప్తున్నా, ఇది దేవుని కడప గుడి గురించి కాదు. మా కాలనీ గుడి. పేరు రాయను, రేపు కూడా నేను అదే వీధిలో బతకాలి.

నిన్న మా చెల్లెలి కూతురికి చెవులు కుట్టించారు. పదకొండో నెల. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. దానికి మేనమామను నేనొక్కణ్ణే. ఒడి మాటకొస్తే, ఈ ఊళ్ళో నా అంత రెడీగా ఉన్న ఒడి ఇంకెవరికీ లేదు, పొద్దున ఏడింటికి పరిస్తే రాత్రి పదింటిదాకా మడిచే పనే లేదు. కొత్త పంచె కట్టుకున్నా. వీల్‌చైరు చక్రాలకు సర్ఫు పెట్టి కడిగించా. పిల్ల ఏడిస్తే ఇద్దామని జేబులో బెల్లంముక్క కూడా.

ర్యాంపు గురించి ఎక్కువ చెప్పను. పోయినేడు చందాలేసి కట్టారు, నేనూ వెయ్యి రాశాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలంటారు, మన గుడిది మూడడుగుల ఎత్తుకు ఎనిమిది అడుగులు. పిల్లలకు జారుడుబండగా బాగుంది. దాని మీద పూలమ్మే ఆమె గంప, ఎవరిదో స్కూటరు. గంప జరిపించి, స్కూటరు తీయించి, ఇద్దరు వెనక నుంచి తోస్తే, చెమటలు కక్కి ఎక్కాను. ఎక్కితే అక్కడ మీరు. జానెడు ఎత్తు, నల్లరాయి.

కమిటీ పెద్దాయన పరుగెత్తుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టినాడు. "చక్రం గడప తొక్కుతాది గదప్పా! నీకు తెలీందేముంది, గడప తొక్కితే అరిష్టం."

తెలుసు గడపమ్మా. చిన్నప్పటి నుంచి మా అవ్వ చెప్పి చెప్పి చంపింది, గడప మీద కూర్చోవద్దు, గడప మీద తుమ్మొద్దు, గడపకు ఇటు నిలబడి అటువాళ్ళకు డబ్బులివ్వొద్దు. కాళ్ళున్నవాళ్ళు దాటుతారు. చక్రం దాటాలంటే మీ మీద నుంచే దొర్లాలి, గాల్లో ఎగిరే వీల్‌చైరు ఏ సర్కారు క్యాంపులోనూ ఇంకా ఇవ్వడం లేదు. రెండు చెక్కలు అటూ ఇటూ ఆనించండి, మిమ్మల్ని తాకకుండానే పోతానన్నాను. "చెక్కలు యాడుండాయప్పా ఇప్పుడు? నలుగురం ఎత్తుకుపోతాంలే."

నలుగురు ఎత్తుకుపోయే రోజు ఎట్లాగూ ఒకటి వస్తుంది. ఆరోజు వద్దన్నా వినరు. అది వచ్చేదాకా ఆగుదామనే నా కోరిక. పోయిన సంక్రాంతికి ఇట్లాగే ఎత్తితే ఒకాయన చంకలో చెయ్యేసినాడు, ఒకాయన మోకాలు పట్టినాడు, పంచె ఎవరూ పట్టలేదు. గుడంతా చూసింది.

వద్దన్నాను. ముహూర్తం దాటిపోతుందని లోపల కేకలు. మా చిన్నాయన కొడుకు ఒళ్ళో కూర్చోబెట్టేశారు. వాడు మంచోడే, వాడి తప్పేం లేదు. లోపల కంసాలాయన బంగారు తీగ తీసినట్టున్నాడు, పిల్ల కెవ్వుమంది. ఆ ఏడుపు నేను చెప్పుల స్టాండు పక్కన కూర్చుని విన్నాను. బెల్లంముక్క జేబులోనే కరిగి పంచెకు అంటుకుంది.

సరే, ఆచారం, ఏం చేస్తాం అని మనసుకు చెప్పుకున్నా. పన్నెండున్నరకు అన్నదానం వంటకు గ్యాస్ బండ వచ్చింది. పిల్లోడు దాన్ని ఒంటి అంచు మీద తిప్పుకుంటూ ర్యాంపు ఎక్కించి, నా ముందు నుంచే, నీ మీద ఎక్కించి, డంగుమని అవతలికి దొర్లించినాడు. ఆ బండ ఊరంతా తిరిగి వచ్చింది. దానికి సర్ఫు పెట్టి ఎవరైనా కడిగినారా? పెద్దాయన పక్కనే నిలబడి "మెల్లగప్పా, టైల్సు పగుల్తాయి" అన్నాడు. టైల్సు! నీ పసుపు మీద నల్లటి గీత పడింది. నువ్వు నోరు తెరవలేదు. అరిష్టం రాలేదు, సాంబారు బాగానే కుదిరిందంట.

మీరు అనడం మరిచి నువ్వు అన్నాను. ఉండనీ.

తిరుమలకు తొలి గడప అని పేరు తెచ్చుకున్న ఊరు మన కడప. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వెళ్ళి, వెంకన్నను పెళ్ళాడిన బీబీ నాంచారి మా ఆడపడుచే గదా అని సారెలాగా కానుకలిచ్చి వస్తారు. మతం అడగని గడప ఉన్న ఊళ్ళో నువ్వు చక్రాలు లెక్కపెడతావా? రథసప్తమికి స్వామే చక్రాల మీద ఊరేగుతాడు, ఆయన్నెవరూ దిగి నడవమనరు. మాకేమో దివ్యాంగులని పేరు పెట్టారు. అంగాల్లో దివ్యత్వం, దర్శనం చెప్పుల దగ్గర.

చట్టం చెప్పబోతే నవ్వుతారు. వికలాంగుల హక్కుల 2016 చట్టంలో పబ్లిక్ బిల్డింగ్ అంటే మతపరమైన పనులకు వాడే కట్టడం కూడా అనే రాసుంది. ఉన్న కట్టడాలు సరిచేసుకోవడానికి రూల్స్ వచ్చినప్పటి నుంచి ఐదేళ్ళు గడువు. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, లెక్క మీరే వేసుకోండి. ఇదంతా చెప్తే పెద్దాయన "పింఛను ఆరువేలు వస్తాది గదప్పా నీకు" అన్నాడు. దానికీ దీనికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పక్కనున్న పెద్దమ్మ మాత్రం "పూర్వజన్మలో ఏం చేసుకున్నాడో" అని నాకు వినపడేంత మెల్లగా అంది. పోనీ చర్చికి ప్రార్థనకు పోదామంటే అక్కడ మెట్టే లేదు, కానీ లోపలికి పోగానే తల మీద చెయ్యి పెట్టి లేచి నడువు అంటారు. నేను నడవడానికి రాలేదు స్వామీ, కూర్చోవడానికి వచ్చాను.

2024 ఎన్నికల్లో నలభై శాతం వైకల్యం దాటినోళ్ళు కోరితే ఇంటికే వచ్చి ఓటేయించుకుంటామన్నారు. నాది డెబ్భై. సర్కారు నా గడప దాటడానికి రెడీ. దేవుడే కొంచెం బిజీ.

ఒంటిగంటకు కార్యక్రమం అయిపోయింది. మా చెల్లెలు అక్షింతలు తీసుకోవడంలో ఉండి పిల్లను కింద దించింది. అది చెవులు ఎర్రగా కందిపోయి, ముక్కు కారుతూ, పాకుతూ పాకుతూ తలుపు దాకా వచ్చి, నన్ను చూసి, నీ మీదెక్కి కూర్చుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చేతిలో కొబ్బరిముక్క. గ్యాస్ బండ గీసిన నల్లగీత, పసుపు, కుంకుమ అన్నీ దాని కొత్త గౌనుకే. పెద్దాయన చూసి నవ్వుకుంటూ పోయినాడు. ఎవరూ ఏమీ అనలేదు.

అది కొబ్బరిముక్క నా వైపు చాచింది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మేనమామ