బండి ఇచ్చి బాట మూస్తారా?

వేదిక మీద మంత్రులు, అధికారులు వరుసగా నిలబడి దివ్యాంగులకు బ్యాటరీతో నడిచే మూడు చక్రాల స్కూటర్ల తాళాలు అందిస్తారు. ఫొటోలు దిగుతారు. మర్నాడు ఆ బండి ఎక్కినవాళ్లు ఎక్కడికి వెళ్లగలరన్నది మాత్రం ఎవరికీ పట్టదు. విశాఖపట్నాన్ని పర్యాటక రాజధాని చేస్తామని ఊదరగొడుతున్న ప్రభుత్వాలు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: బ్యాటరీ స్కూటర్ మీద, వీల్‌చైర్ మీద వచ్చిన మనిషికి ఈ ఊళ్లో చూడటానికి ఏం మిగిల్చారు?

విశాఖ చరిత్రంతా పాతనగరంలోనే ఉంది. 1933లో ఇప్పటి హార్బర్ మొదలవడానికి ఎంతో ముందే డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు సరుకు దింపుకున్న తీరం అది. కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం, పాత యూరోపియన్ సమాధులు, రేవు ముఖద్వారం దగ్గర చర్చి, దర్గా, వెంకన్న గుడి ఉన్న మూడు కొండలు. వీటిని చూద్దామని బయల్దేరితే, బ్యాటరీ స్కూటర్ చక్రాలు చిన్నవి, బెత్తెడు గట్టు అడ్డొచ్చినా ఆగిపోతుంది. మన ఫుట్‌పాత్‌లు చాలాచోట్ల అంతకంటే ఎత్తు. ఎక్కడో దయతలచి ర్యాంపు పోస్తే దాని ముందే కరెంటు స్తంభమో, పార్కింగ్ చేసిన బైకో. బైకులు ఎక్కకుండా పాతిన ఇనప గొట్టాల మధ్య నడిచేవాళ్లు ఒద్దికగా దూరిపోతారు, స్కూటర్ దూరదు. ఇక రోడ్డు మీద లారీల పక్కన, ఆటోల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాల్సిందే. ర్యాంపు అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలన్నది నిబంధన. ఆఫీసుల ముందు మొక్కుబడిగా పోసే సిమెంటు దిబ్బలు అందులో సగం కూడా ఉండవు. వాటి మీదకి ఎక్కబోతే బండి వెనక్కి జారుతుంది. ఇలా కట్టినవాళ్లకు బిల్లులు చెల్లించింది ఎవరు?

బీచ్‌రోడ్డులో స్మార్ట్‌సిటీ నిధులతో దివ్యాంగులతో సహా పిల్లలందరూ ఆడుకునేలా పార్కు కట్టారు. మంచి పనే, కాదనం. ఒక పార్కుతో చేతులు దులుపుకుంటేనే తప్పు. చెన్నై మెరీనాలో 2022లో ఇసుక మీదుగా నీళ్ల దగ్గరి దాకా 263 మీటర్ల చెక్క బాట వేశారు. ఖర్చు కోటి రూపాయల పైచిలుకు. రోజుల్లోనే తుపాను వచ్చి దెబ్బతీస్తే బాగుచేసి మళ్లీ తెరిచారు. వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్లు అక్కడ అలలను దగ్గరగా చూస్తున్నారు. కొచ్చిలో 2023లో మొదలైన వాటర్ మెట్రోలో జెట్టీ, పడవ ఒకే మట్టంలో ఉండేలా కట్టారు. మనకున్న సముద్రం ఏం తక్కువ?

వారసత్వ కట్టడాలను మార్చలేమని, డబ్బు లేదని, అడ్డు గొట్టాలు తీస్తే బైకులు దూరతాయని అధికారులు చెప్పే మాటలు మాకూ తెలుసు. బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి ఇరుకు గుమ్మాలను కోయమని ఎవరూ అడగటం లేదు. లోపలికి వెళ్లలేనివాళ్లకు బయటే కూర్చుని లోపలి గదులు తెర మీద చూసే ఏర్పాటు చేయడానికి ఏమొచ్చింది? దీనికి వారసత్వం అడ్డు కాదు, బద్ధకమే అడ్డు.

చట్టం అడగనిదేమీ మేం అడగటం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, నిబంధనలు వచ్చిన అయిదేళ్లలోగా పాత ప్రభుత్వ భవనాలన్నీ అందరికీ అందుబాటులోకి రావాలి. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. గడువు 2022 జూన్‌తోనే ముగిసింది. కొత్త భవనానికి ఈ ఏర్పాట్లు లేకపోతే నిర్మాణం పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదని అదే చట్టం చెబుతోంది. ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల వరకు, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలను ఐచ్ఛికంగా వదిలేయడం చెల్లదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం ఇంత గట్టిగా చెప్పినా బళ్ల పంపిణీ సభలు ఆగవు, బాటలు మాత్రం తెరుచుకోవు. బండి ఇచ్చి బాట మూసేయడం సంక్షేమం ఎలా అవుతుంది?

దివ్యాంగులు ఎవరో పరాయివాళ్లన్నట్టు ఆలోచించడం ఇంకో జబ్బు. ఇదే రేవులో, స్టీల్‌ప్లాంటులో, నేవీలో ఒళ్లు వంచి పనిచేసి రిటైరైనవాళ్లు వేలల్లో ఈ ఊళ్లోనే ఉన్నారు. మోకాళ్లు అరిగాక వాళ్లకూ ఆ స్కూటరే దిక్కు. ఊరు కట్టినవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి పర్యాటకుల్ని పిలవడం సిగ్గుచేటు.

నగరపాలక సంస్థ జీవీఎంసీ, మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, పర్యాటక శాఖ ఇక సాకులు చెప్పకూడదు. పాతనగరం నుంచి బీచ్ దాకా ఒక్క దారినైనా అడ్డంకి లేకుండా, తేదీ ప్రకటించి పూర్తిచేయాలి. 2022 జూన్ తర్వాత సర్టిఫికెట్లు పొందిన ప్రభుత్వ భవనాల జాబితాను, సంతకం పెట్టిన అధికారుల పేర్లతో సహా బయటపెట్టాలి. ర్యాంపు లేని చోట ఆ సంతకం ఎలా పడిందో వాళ్లే ప్రజలకు వివరించాలి. అప్పటిదాకా తాళాల పంపిణీ ఫొటోలకు ఏ నాయకుడూ వేదిక ఎక్కొద్దు.