కారు నోరు నొక్కే రేకుముక్క

వైజాగ్‌లో ఎవరైనా కొత్త కారు కొంటే సలహాలకు కొదవుండదు. ఏ బంకులో కొట్టిస్తే మైలేజీ వస్తుందో, ఫోమ్ వాష్ ఎక్కడ బాగా చేస్తారో, సీటు కవర్లు ఎవరి దగ్గర కుట్టించాలో, అడక్కపోయినా చెబుతారు. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "ఆ టింగ్ టింగ్ గోల పోడానికి ఒక క్లిప్పుంటది, తెప్పించుకో" అంటారు. మానవజాతి కనిపెట్టిన వస్తువుల్లో ఈ క్లిప్పుకు దక్కాల్సిన గౌరవం ఇంతవరకూ దక్కలేదని నా బాధ.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. బొటనవేలంత రేకుముక్క. సీటు బెల్టు కొసన బకిల్‌లో దూరే పలక ఉంటుంది చూశారా, అచ్చం అదే, బెల్టు ఒక్కటే ఉండదు. దాన్ని బకిల్‌లో గుచ్చగానే టక్కుమంటుంది, లోపల మనిషి బెల్టు పెట్టుకున్నాడని కారు నమ్మేసి నోరు మూసుకుంటుంది. పైన కారు కంపెనీ లోగో కూడా మెరుస్తుంటుంది. కొన్నింటికి రెండో కొసన సీసా మూత తీసే ఓపెనర్ కూడా పెట్టి ఇస్తారు. డ్రైవర్ సీటు పక్కన, చేతికందేలా! ఇది తయారుచేసినవాడికి తన కస్టమర్ ఎవరో ఎంత బాగా తెలుసో.

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లలో ముందు సీట్లకు ఈ బెల్టు అలారం తప్పనిసరి చేశారు. అంటే దానికి డబ్బు కట్టింది మనమే, పన్నుతో సహా. మళ్లీ దాని నోరు మూయించడానికి ఇంకో వందో రెండొందలో పెట్టేదీ మనమే. ఇదేం వ్యాపారమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు కూడా అనుమానం వచ్చి, 2023 మే నెలలో ఐదు ఆన్‌లైన్ అమ్మకపు కంపెనీలకు ఆదేశాలిచ్చింది. అప్పుడు తీసేయించిన క్లిప్పుల లిస్టింగులు 13,118. ఒక్క రేకుముక్కకు అన్ని రకాల ప్రకటనలు! దేశంలో ఇంతమంది దీన్ని అమ్ముకుని బతుకుతున్నారంటే నిరుద్యోగం గురించి మనం అనవసరంగా టెన్షన్ పడుతున్నామేమో.

దీని మహిమ పూర్తిగా తెలియాలంటే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర నిలబడాలి. కొత్త బండి కొన్నవాడు ఆ గుడికి రాకుండా ఊళ్లో తిరగడు కదా. ఒక తెల్ల కారు, బంతిపూల దండ, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. డ్రైవింగ్ సీట్లో ఓనరు, పక్కన ఆయన భార్య, ఆమె ఒళ్లో ఏడాది పిల్లాడు, వెనకాల నానమ్మ, ఇద్దరు పిన్నులు, ఆ ముగ్గురి మధ్య ఒక స్వీట్ల డబ్బా. పూజారి గారు హారతిచ్చి "ముందుకు పోనీయండి బాబూ" అన్నారు. బండి కదిలింది. టింగ్. టింగ్. టింగ్.

"బండేటిరా అలా అరుస్తంది?" అంది నానమ్మ.

"బెల్టు పెట్టుకోమంటందే."

"శుభమా అని గుడికొస్తే ఈ గోలేటి? ఆపించండ్రా!"

అప్పుడు బావగారు రంగంలోకి దిగారు. జేబులోంచి రెండు క్లిప్పులు తీశారు, కొత్త కారుకు ఆయన తెచ్చిన కానుకట. నానమ్మ పట్టుబట్టడంతో పూజారి గారు వాటికీ కుంకుమ బొట్టు పెట్టారు. టక్, టక్. కూత ఆగింది, నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది, పిన్నిగారు వీడియో తీశారు. అడ్డంకులన్నీ తొలగించు స్వామీ అని అర్జీ పెట్టుకుని, కర్పూరం ఆరకముందే బెల్టు తీసి పక్కన పెట్టేశారు. వినాయకుడికి ఈమధ్య పనిభారం ఎందుకు పెరిగిందో ఇప్పుడర్థమైందా?

ఇదే కుటుంబం షోరూమ్‌లో అడిగిన మొదటి ప్రశ్న "భద్రతకు ఎన్ని స్టార్లు బాబూ?" అనే అయ్యుంటుంది. 2023 అక్టోబరు నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ పేరుతో సొంత క్రాష్ టెస్టులు కూడా వచ్చాయి. ఆ టెస్టులో కారును గుద్దించే ముందు లోపల బొమ్మల్ని కూర్చోబెడతారు, వాటికి బెల్టు పెడతారు, ఆ తర్వాతే స్టార్లు లెక్కేస్తారు. ప్రాణం లేని బొమ్మకు పెట్టే బెల్టు మనకు ఉక్కపోతట, చొక్కా నలిగిపోతుందట. మద్దిలపాలెం జంక్షన్లో పోలీసాయన కనబడితే మాత్రం అదే బెల్టును లాగి, పెళ్లికొడుకు ఉత్తరీయంలా భుజం మీద వేసుకుని, సిగ్నల్ దాటేదాకా చేత్తో పట్టుకుంటారు. జరిమానా వెయ్యి రూపాయలు మరి. ప్రాణం కంటే వెయ్యి రూపాయలే కళ్లకు బాగా ఆనుతాయి.

మిగతా 'అప్‌గ్రేడ్‌ల' జోలికి నేను పెద్దగా పోను. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్‌లో చవక ఎల్‌ఈడీ దూర్చి, బీచ్ రోడ్డులో ఎదుటివాడి కళ్లు పోగొట్టేవాడు. బంపర్ ముందు ఇనుప గొట్టం బిగించి, గుద్దినప్పుడు నలగాల్సిన భాగాన్ని నలగనీయనివాడు. సుప్రీంకోర్టు 2012లోనే వద్దన్న నల్ల ఫిల్మ్ వేయించుకుని సినిమా హీరోలా దిగేవాడు. వీళ్ల గురించి ఇంకోసారి.

కానీ ఆ ఒళ్లో పిల్లాడి సంగతేంటి? ముందు సీట్లో, తల్లి ఒళ్లో, డ్యాష్‌బోర్డుకు జానెడు దూరంలో. ఎయిర్‌బ్యాగు మెత్తటి దిండు కాదండీ, గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికి తన్నుకొస్తుంది. బెల్టు కట్టుకున్న పెద్ద మనిషి కోసం చేసినది అది, ఏడాది పిల్లాడి మెడ కోసం కాదు. "నేను గట్టిగా పట్టుకుంటాలే" అంటారు. పట్టుకోలేరు. నలభై కిలోమీటర్ల వేగంలో బండి గుద్దుకుంటే పది కిలోల పిల్లాడు ఆ క్షణంలో వంద కిలోలు దాటి లాగుతాడు. పైగా మీకూ బెల్టు లేదు కాబట్టి, మీకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య నలిగేది వాడే. మీకు ఎయిర్‌బ్యాగు ఆ పిల్లాడు! లక్షలు పోసి కారు కొన్నారు, చైల్డ్ సీటుకు మాత్రం డబ్బుల్లేవా? స్పీకర్లకు ఎంత పెట్టారు? పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టో చైల్డ్ సీటో లేకుండా తిప్పితే జరిమానా అని చట్టంలో విడిగా రాశారంటే, తల్లిదండ్రులకు ఇది కూడా చట్టమే చెప్పాల్సి వచ్చిందంటే, ఎవరు సిగ్గుపడాలి?

వెనక సీటుకు ఏమీ కాదనే నమ్మకం ఇంకొకటి. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ రోడ్డు ప్రమాదంలో పోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండానే. ఖరీదైన కారే. ఆ తర్వాత కొన్నాళ్లు అందరం వెనక బెల్టుల గురించి మాట్లాడుకున్నాం, ఆపైన మర్చిపోయాం. అరవై కిలోమీటర్ల వేగంలో గుద్దుకోవడమంటే పద్నాలుగు మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల డాబా మీంచి కింద పడినంత. నానమ్మను డాబా అంచున కూర్చోబెట్టి స్వీట్ల డబ్బా చేతికిస్తామా?

డబ్బు ఖర్చు పెట్టాలని చేతులు దురదపెడుతుంటే పెట్టండి, కాదనను. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది చదివి పాతబడితే మార్చండి. వానాకాలం ముందు వైపర్ రబ్బర్లు మార్చండి. సముద్రపు ఉప్పుగాలికి కింద తుప్పు పట్టకుండా అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి. అరకు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్లో పోనీయడం మానేయండి, దానికి పైసా అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు వెనక డోరు తీసి, సీటు సందులో చెయ్యి పెట్టి చూడండి. బకిల్స్ దొరకవు. నున్నగా, అందంగా కుట్టిన ఆ కవర్ కింద సమాధి అయిపోయి ఉంటాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో దాన్ని కూడా కవర్‌తో మూసేసి ఉంటారు. తిన్నగా కవర్లు కుట్టినవాడి దగ్గరకు వెళ్లి, బకిల్ ఉన్న ప్రతిచోటా కోసి బయటికి తీయించండి, ఎయిర్‌బ్యాగు ఉన్నచోట కవరే వద్దనండి. "వెనకాల ఎవరు పెట్టుకుంటారు సార్, లుక్కు పోతుంది" అంటాడు. మా నానమ్మ పెట్టుకుంటుంది, నువ్వు కొయ్యి అని చెప్పండి.